535002: మా విజయనగరం పిన్ కోడ్‌ను విడదీయడం ఎలా?

ఆరంకెల సంఖ్య కనిపిస్తే చాలు, గంటస్తంభం దగ్గర నా ట్యూషన్‌కు వచ్చే పిల్లలు బెదిరిపోతారు. అందుకే వాళ్లకు ముందుగా ఇంటి చిరునామాలో ఉండే 535002 ఇచ్చి, ప్రధాన కారణాంకాలుగా విడదీయమంటాను. కాలిక్యులేటర్ వద్దు, చిత్తు కాగితం చాలు.

చివరి అంకె 2 కాబట్టి సగం చేయండి: 267501. అంకెల మొత్తం 21, అంటే 3తో పోతుంది: 89167. ఈసారి మొత్తం 31, ఇక 3తో పని లేదు. చివర 7 ఉంది కనుక 5 ఊసే అక్కర్లేదు.

ఇక్కడ తొందరపడి 7, 11, 13లతో విడివిడిగా భాగహారాలు మొదలుపెట్టకండి. ఆ మూడింటి లబ్ధం 1001. మన సంఖ్య 89 × 1001 + 78. ఆ 78 ఎలా వచ్చిందంటారా? కుడివైపు మూడంకెల్లోంచి ఎడమవైపు మిగిలినవి తీసేస్తే సరి: 167 − 89. ఇక 78ని చూస్తే చాలు. అది 7, 11 ఎక్కాల్లో లేదు, 13వ ఎక్కంలో ఉంది. భాగిస్తే 6859.

మళ్లీ అదే పరీక్ష: 859 − 6 = 853. ఇది 13తో పోదు. 17తో భాగిస్తే 8 మిగులుతుంది. 19కి చక్కని ఉపాయం ఉంది: చివరి అంకెను రెట్టింపు చేసి మిగతా దానికి కలపండి. 685 + 18 = 703, మళ్లీ 70 + 6 = 76. అంటే 19 నాళ్లు. సంఖ్యను రెట్టింపు చేసి అందులోంచి 19 గుణిజాన్ని తీసేయడమే ఇది, అందుకే తప్పదు. భాగిస్తే 361. అదీ 19 × 19!

535002 = 2 × 3 × 13 × 19³

తపాలా శాఖ 1972లో పిన్ కోడ్ పద్ధతి తెచ్చింది ఉత్తరాలు వేరుచేయడానికి. అలాంటి సంఖ్యలో నిండైన ఘనం దొరకడం నాకు ఎంతో ఇష్టం.

కారణాంకాలు ఎన్నో తెలియాలంటే ప్రతి ఘాతాంకానికి ఒకటి కలిపి గుణించండి: 2 × 2 × 2 × 4 = 32. వాటి మొత్తం (1 + 2) × (1 + 3) × (1 + 13) × (1 + 19 + 361 + 6859) = 3 × 4 × 14 × 7240, అంటే 12,16,320. అందులోంచి 535002ను తీసేసినా 6,81,318 మిగులుతుంది, అసలు సంఖ్యకంటే ఎక్కువే.

శ్రీకాకుళం వారు 532001 పట్టండి. 532000 = 7 × 19 × 4000 కనుక 7తోనూ 19తోనూ భాగిస్తే 1 మిగులుతుంది. మిగతా ప్రధాన సంఖ్యలను 727 వరకు చూడండి. తర్వాతిది 733, దాని వర్గం 5,37,289; అక్కడిదాకా వెళ్లనక్కర్లేదు.