టార్గెట్ షూటింగ్‌కు తక్కువ ఖర్చులో పెద్ద బోరు పిస్టల్ ఎంచుకోవడం ఎలా?

ఎయిర్ పిస్టల్‌తో ఏడాదో రెండేళ్లో సాధన చేశాక చాలామందికి పెద్ద బోరు, అంటే నాళం లోపలి వెడల్పు ఎక్కువున్న పిస్టల్ మీద మనసు పోతుంది. హన్మకొండలో మా పరిచయస్తుల్లోనే ముగ్గురు నలుగురు ఇదే అడిగారు, అన్నా, ఏది కొనాలి, ఎంతలో వస్తుంది అని. తుపాకీ ధర తర్వాతి సంగతి, ఎందుకంటే ఈ ఆటలో జేబు ఖాళీ చేసేది తుపాకీ కాదు, తూటాలు.

మొదట ఏ ఆట ఆడతారో తేల్చుకోండి. పెద్ద బోరుకు మన దేశంలో ఉన్న పోటీ 25 మీటర్ల సెంటర్ ఫైర్ (తూటా అడుగున మధ్యలో కొడితే పేలే రకం) పిస్టల్. జస్పాల్ రాణా 1994 హిరోషిమా, 2006 దోహా ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది ఇందులోనే. దీని నియమాలు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. బోరు 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, తుపాకీ బరువు 1400 గ్రాములు దాటకూడదు, ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల బరువుకు గానీ కదలకూడదు, ఒంటి చేత్తోనే కాల్చాలి. మొత్తం 60 తూటాలు. మొదటి 30 నిదానంగా, అయిదేసి తూటాలకు అయిదు నిమిషాల చొప్పున. మిగతా 30 మాత్రం టార్గెట్ 3 సెకన్లు కనిపించి 7 సెకన్లు మాయమవుతుంటే, కనిపించిన ప్రతిసారీ ఒక్కో తూటా కాల్చాలి.

బోరు సంగతి చట్టమే తేల్చేసింది. 9 ఎంఎం నిషేధిత బోరు, మామూలు లైసెన్సు మీద రాదు, ఇంటర్నెట్‌లో విదేశాల వాళ్లు ఎంత పొగిడినా దాన్ని మర్చిపోండి. మనకు దొరికేది .32, అంటే దాదాపు 8 మిల్లీమీటర్ల బోరు. అది పోటీ నియమాల్లోకి చక్కగా వస్తుంది, కాల్చినప్పుడు చేతికి తగిలే దెబ్బ కూడా నెమ్మదిగా ఉంటుంది కాబట్టి మూడు సెకన్లలో చెయ్యి మళ్లీ గురి మీదికి వస్తుంది. ప్రపంచస్థాయి షూటర్లలో చాలామంది ఈ పోటీకి .32 వాడేది కూడా అందుకే. చిన్న బోరు అని నామోషీ పడాల్సింది ఏమీ లేదు.

లైసెన్సు లేకుండా దుకాణానికి పోయి లాభం లేదు. 21 ఏళ్లు నిండాలి, తుపాకీని భద్రంగా వాడే శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ ఉండాలి, పోలీసు విచారణ జరుగుతుంది. దరఖాస్తులో స్పోర్ట్ కోసమని స్పష్టంగా రాసి, రైఫిల్ క్లబ్ సభ్యత్వం, ఆడిన పోటీల కాగితాలు జత చేయండి. ఏడాదికి ఎన్ని తూటాలు కొనొచ్చో కూడా లైసెన్సులోనే ఉంటుంది, దాన్ని తప్పకుండా చూసుకోండి. 2019లో చట్టం మార్చాక లైసెన్సు గడువు అయిదేళ్లయింది. ఇంకో మాట. మన ఉత్తర తెలంగాణలో ఇంట్లోకి తుపాకీ వస్తుందంటే పెద్దవాళ్లకు పాత రోజులు గుర్తొచ్చి టెన్షన్ పడతారు, అది సహజం. ముందే కూర్చోబెట్టి చెప్పండి, తాళం వేసే బీరువా ఎక్కడ పెడతారో, తూటాలు వేరే ఎక్కడ ఉంటాయో చూపించండి.

ఇక లెక్క వేయండి. నెలకు రెండు సార్లు రేంజ్‌కు పోయి 60 చొప్పున కాల్చారనుకోండి, ఏడాదికి 1440 తూటాలు. తూటా ధర దుకాణంలో అడిగి దాంతో గుణిస్తే చాలామందికి నోట మాట రాదు. లైసెన్సులో రాసిన సంఖ్య అంత ఉందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. దీనికి తోడు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్, అక్కడి నుంచి గచ్చిబౌలి షూటింగ్ రేంజ్ దాకా పోయి వచ్చే ఖర్చు. అందుకే నా సలహా ఇది: సాధనలో ఎక్కువ భాగం ఎయిర్ పిస్టల్‌తో ఇంటి దగ్గరే 10 మీటర్లలో చేయండి, .32ను గురి సరిచూసుకోవడానికి, పోటీ ముందు వారాలకు దాచుకోండి.

అసలు కొనాలా? ఈ ప్రశ్న చాలామంది వేసుకోరు. క్లబ్‌లో సెంటర్ ఫైర్ పిస్టల్ ఉంటే, తూటాల డబ్బులు కట్టి కాల్చనిస్తే, అంతకంటే చవక ఇంకోటి లేదు. పార్దిని, వాల్తర్ లాంటి విదేశీ టార్గెట్ పిస్టళ్లు అద్భుతంగా ఉంటాయి గానీ వాటి దిగుమతి పేరున్న షూటర్లకే కుదురుతుంది.

కొనాలనే నిర్ణయించుకుంటే మనకు అందేవి దేశంలో తయారయ్యే .32 రివాల్వర్లు, పిస్టళ్లు. ఇక్కడ మా బావ చేసిన పొరపాటు చెప్తాను. తేలికగా, ముద్దుగా ఉందని పొట్టి నాళం రివాల్వర్ తీసుకున్నాడు. కాన్పూర్ నుంచి 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ అర కిలో బరువు, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోవడానికి చేసింది అది, అలాంటివి ఆత్మరక్షణకు మంచివే, టార్గెట్‌కు కాదు. తేలిక తుపాకీ చేతిలో వణుకుతుంది, పొట్టి నాళం మీద ముందు గురికీ (ఫ్రంట్ సైట్) వెనక గురికీ (రియర్ సైట్) మధ్య దూరం తక్కువ కాబట్టి వెంట్రుకవాసి తప్పు కూడా 25 మీటర్ల దగ్గర చాలా పెద్దదవుతుంది. పాపం, బావ ఏడాదిలోనే మానేశాడు. బరువైనది, నాళం పొడవైనది, వెనక గురి అటూ ఇటూ జరపడానికి వీలున్నది వెతకండి.

రివాల్వర్ అయితే మూడు సెకన్ల ఆటకు పనికొస్తుందా అంటే, వస్తుంది. ఆ 7 సెకన్ల విరామంలో బొటనవేలితో గుర్రం (తూటాను కొట్టి పేల్చే వెనక సుత్తి, హ్యామర్) వెనక్కి లాగి పెట్టుకోవచ్చు.

దుకాణంలో ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో మీరే చూడండి, అమ్మేవాడి మాట మీద వదలొద్దు. చెయ్యి చాపి కళ్లు మూసుకుని, పది సెకన్లాగి కళ్లు తెరవండి. ముందు గురి వెనక గాడిలో మధ్యన నిలబడి ఉంటే పట్టు మీ చేతిది, పక్కకు జరిగి ఉంటే ఇంకోటి అడగండి. ఆ తర్వాత గుర్రం ఎత్తి, నాళాన్ని నిట్టనిలువుగా పైకి పెట్టి, కిరాణా కొట్టు కిలో రాయిని దారంతో ట్రిగ్గర్‌కు తగిలించి మెల్లగా ఎత్తండి. గుర్రం పడిపోతే అది పోటీకి చెల్లదు. రివాల్వర్ అయితే గుర్రం ఎత్తి ఉన్నప్పుడు తూటాలు పెట్టే సిలిండర్ ఊగకూడదు, నాళం లోపల తుప్పు గుంటలు ఉండకూడదు.

పాతది కొంటే చాలా కలిసొస్తుంది, వారసత్వంగా వచ్చి ఎప్పుడూ కాల్చకుండా బీరువాలో పడి ఉన్నవి ఉంటాయి. కానీ అమ్మే వ్యక్తి జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ఆ కాగితం కళ్లతో చూశాకే బయానా ఇవ్వండి. ఈలోగా ఇంకెవరో కొనేస్తారని తొందరపెట్టేవాళ్ల దగ్గర అసలే కొనకండి.