బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు: దూరం, ప్రయాణ కాలం లెక్కగట్టే విధానం

కూతురి పురుటికని శాన్ ఫ్రాన్సిస్కోకు బయలుదేరే అమ్మానాన్నలు జూన్ నెల టికెట్టులో బెంగళూరులో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి, దుబాయిలో విమానం మారి, అదే రోజు మధ్యాహ్నం 2.30కు దిగుతారని చదివి, పదిన్నర గంటలే కదా అనుకుంటారు. నిజానికి అది 23 గంటల ప్రయాణం. మందుల వేళలు, భోజనం, కాళ్ల వాపు అన్నీ ఈ లెక్క మీదే ఆధారపడతాయి కనుక దీన్ని ముందే వేసుకోవడం మంచిది.

మొదట దూరం. గోడ మీది పటంలో గీత గీసి కొలవకండి. గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచినప్పుడు దూరాలు సాగిపోతాయి. పిల్లల గ్లోబు తీసుకుని, రెండు ఊళ్ల మధ్య దారాన్ని బిగించి పట్టుకోండి. దారం పసిఫిక్ సముద్రానికి అడ్డంగా పోకుండా చైనా, సైబీరియాల మీదుగా ఉత్తరానికి ఎక్కి, అలాస్కా వైపు నుంచి దిగుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు మీద ఆ దారం సుమారు 33 సెంటీమీటర్లు వస్తుంది. ఒక్కో సెంటీమీటరుకు 425 కిలోమీటర్ల చొప్పున దాదాపు 14,000 కిలోమీటర్లు. దుబాయి మీదుగా వెళ్తే మొదటి అంచె 2,700, రెండోది 13,000, మొత్తం 15,700 కిలోమీటర్లవుతుంది.

దూరాన్ని గంటకు 850 కిలోమీటర్ల సగటు వేగంతో భాగించి, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ప్రతి అంచెకు అరగంట కలపండి. మొదటి అంచెకు నాలుగు గంటల లోపు, రెండోదానికి 16 గంటలు వస్తాయి; మధ్యలో నిరీక్షణ మూడు గంటలు. పై ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులను బట్టి ఈ అంకె అటూ ఇటూ అవుతుంది.

ఇక గడియారం. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు శాన్ ఫ్రాన్సిస్కో మనకన్నా 12.30 గంటలు, మిగతా నెలల్లో 13.30 గంటలు వెనక ఉంటుంది. వెళ్లేటప్పుడు టికెట్టు చూపే పదిన్నరకు పన్నెండున్నర కలిపితే 23 వస్తుంది. వచ్చేటప్పుడు అంతే తీసివేయాలి.

ఇంటి నుంచి విమానాశ్రయానికి పట్టే సమయం వేరుగా లెక్కించాలి. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి దేవనహళ్లికి సాయంకాలం రద్దీలో రెండు గంటలు దాటవచ్చు. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరాలి. అంటే 4 గంటల విమానానికి ముందురోజు రాత్రి పదిన్నరకే ఇల్లు కదలడం క్షేమమని నా అభిప్రాయం.

తిరుగు ప్రయాణంలో తేదీ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. వేసవిలో అక్కడ శుక్రవారం సాయంత్రం 4 గంటలకు ఎక్కి 22 గంటలు ప్రయాణిస్తే, ఇక్కడ ఆదివారం తెల్లవారుజామున 2.30కు దిగుతారు, కాబట్టి తీసుకురావలసిన కారుకు శనివారం రాత్రికే చెప్పి ఉంచండి.