చౌరస్తాలో సైకిల్‌ను కుడికి తిప్పడం ఎలా?

టైర్లలో గాలి, రెండు బ్రేకులు, బెల్లు, వెనక ఎర్ర లైటు చూసుకోండి. హెల్మెట్ కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన ఉండాలి. చైన్ కుడివైపే కాబట్టి ఆ కాలి ప్యాంటు మడవండి. చున్నీ నడుముకు కట్టేయండి. ఇయర్‌ఫోన్ ఒక్క చెవిలో కూడా వద్దు. రోడ్డెక్కాక ఎడమవైపే వెళ్లండి, కానీ ఆగి ఉన్న కార్లకు మీటరు దూరం ఉంచండి. తలుపు ఎప్పుడు తీస్తారో వాళ్లకే తెలియదు.

ఇక కుడి మలుపు. చాలామంది ఎడమ అంచు నుంచి చెయ్యి చాపి, ఐమూలగా రోడ్డుకు అడ్డం పడతారు. చెయ్యి చూసి వెనక బస్సు ఆగుతుందని ఎవరు చెప్పారో! కార్ల మధ్య దూరుతూ డివైడర్ దాకా చేరేవాళ్లు ఇంకో రకం. బైకుకు ఆ వేగం ఉంది, మనకు లేదు.

రెండు విడతల్లో తిరగండి. గ్రీన్ పడగానే నేరుగా చౌరస్తా దాటండి. అసలు ప్రమాదం ఇక్కడే: ఫ్రీ లెఫ్ట్ తీసుకునే, అంటే సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే బండి మీ ముందు నుంచే కోసుకుపోతుంది. అందుకే కాస్త ముందే మెడ తిప్పి వెనక్కి చూసి, ఎడమ లేన్ మధ్యకు రండి. అద్దం పెట్టుకున్నా మెడ తిప్పాల్సిందే. సిగ్నల్ దగ్గర బస్సుకో లారీకో ఎడమ పక్కన మాత్రం నిలబడొద్దు. డ్రైవర్‌కు మీరు కనబడరు. పైగా బండి ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి వస్తాయి. దాని వెనకే ఆగండి, పొగ పీల్చినా ఫర్వాలేదు.

దాటాక అవతలి ఎడమ మూలలో, మీ ఎడమవైపు రోడ్డు మీద ఆగి ఉన్న బండ్లకు ముందు ఆగి, సైకిల్‌ను కుడికి తిప్పి పెట్టుకోండి. ఆ రోడ్డు నుంచి ఫ్రీ లెఫ్ట్ వెళ్లే దారిని వదిలి నిలబడండి. చోటు లేకపోతే దిగి, జీబ్రా మీద నడిపించుకెళ్లండి, పరువేం పోదు. ఆ రోడ్డు బండ్లకు గ్రీన్ పడ్డా వెంటనే కదలొద్దు. మీరు వచ్చిన రోడ్డుకు రెడ్ పడ్డాక కూడా దూసుకొచ్చే ఆఖరి ఆటో కుడివైపు నుంచే వస్తుంది. అది పోయాక తొక్కండి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. బాగుంటుంది, వెళ్లండి. కానీ అక్కడ ఎంత తొక్కినా ఊళ్లో చౌరస్తా దాటడం రాదు. అది ఆదివారం పొద్దున్నే, బండ్లు తక్కువున్నప్పుడు, మీ ఇంటి దగ్గరి సిగ్నల్లోనే నేర్చుకోవాలి.