విద్యుత్ కారు అప్‌డేట్ చేశాక హైవే ఎక్కే ముందు ఏమి చేయాలి?

రేపు తెల్లవారుజామున ఒంగోలులో ముహూర్తం ఉందంటే, ఈ రాత్రి నెల్లూరులో కారుకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెట్టకండి. అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఇదే. అప్‌డేట్ తర్వాత తెర మీద పాటల జాబితా చోటు మారితే ఎవరికీ నష్టం లేదు. బ్రేకు పడే తీరు, స్టీరింగ్ బిగుసుకునే తీరు, ముందు బండికి కారు వదిలే దూరం మారితే మాత్రం నిన్నటి అలవాటు పనికిరాదు. రెండు మూడు రోజులు ఊళ్లో తిరిగి చూసే వ్యవధి ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

వచ్చినది ఏ రకమో చూడండి

అప్‌డేట్లలో తెర, మ్యాపులు, పాటలకు సంబంధించినవి కొన్ని. మోటారు, బ్యాటరీ, బ్రేకులు, అడాస్‌లకు సంబంధించినవి మరికొన్ని. అడాస్ అంటే డ్రైవరుకు తోడ్పడే కెమెరా, రాడార్ల ఏర్పాటు. ఈ రెండో రకాన్ని కొన్ని కంపెనీలు ఇంటర్నెట్ ద్వారానే పంపుతాయి, కొన్ని సర్వీసు సెంటరుకు రమ్మంటాయి. అప్‌డేట్‌తో వచ్చే వివరణ తప్పక చదవండి. ‘చిన్న లోపాలు సవరించాం’ అని ఒక్క ముక్కతో సరిపెడితే, బ్రేకుల్లో గాని అడాస్‌లో గాని మార్పు ఉందా అని సర్వీసు సెంటరుకు ఫోన్ చేసి అడగండి. కారు కొన్నవారికి ఆ మాత్రం అడిగే హక్కు ఉంది.

అలాగని నెలల తరబడి వాయిదా వేయడమూ మంచిది కాదు. అమెరికాలో 2023 డిసెంబరులో టెస్లా 20 లక్షలకు పైగా కార్లకు రీకాల్, అంటే లోపం సవరణకు పిలుపు, ప్రకటించింది. కార్లను షెడ్డుకు రప్పించకుండానే, డ్రైవరు రోడ్డు మీద ధ్యాస పెట్టేలా ఆటోపైలట్ (టెస్లా అడాస్ పేరు) హెచ్చరికలను పెంచే సాఫ్ట్‌వేర్‌ను పంపింది. అప్‌డేట్ రూపంలో ఇలాంటి భద్రతా మరమ్మతులు కూడా వస్తాయి.

ఒక్క జాగ్రత్త. అప్‌డేట్ కారు తెర మీదనో, కంపెనీ సొంత యాప్‌లోనో కనిపించాలి. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించేది) వచ్చిందంటే అది మోసమే, తొలగించండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

ముందుగా సెట్టింగుల పేజీలన్నీ ఫోనుతో ఫొటో తీసుకోండి. ఎందుకో కింద చెబుతాను. తర్వాత కారును ఛార్జ్ చేసుకోండి, ఎందుకంటే ఇన్‌స్టాల్ జరుగుతున్నంతసేపు చాలా కార్లలో ఛార్జింగ్ ఆగిపోతుంది. పెద్ద బ్యాటరీతో పాటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఆరోగ్యంగా ఉండాలి. కారులోని కంప్యూటర్లు దాని మీదే నడుస్తాయి, మధ్యలో అది నీరసిస్తే పని సగంలో ఆగుతుంది. వైఫై అందేచోట, ఎవరి దారికీ అడ్డం లేకుండా నిలపండి. ఇన్‌స్టాల్ పూర్తయ్యేదాకా కారు కదలదు. తలుపులు తీయడం, మీటలు నొక్కడం వద్దు.

పూజ దండలు తీసేయండి

సాఫ్ట్‌వేర్ ఎంత కొత్తదైనా కళ్లు మూసుకుపోతే చేసేదేమీ లేదు. ముందు అద్దం పైభాగంలో, లోపలి అద్దం వెనక కెమెరా ఉంటుంది. రాడార్ సాధారణంగా ముందు బంపరులోనో, కంపెనీ చిహ్నం వెనకనో ఉంటుంది. మనం పసుపు కుంకుమలు పెట్టేదీ, బంతిపూల దండ వేలాడదీసేదీ, నిమ్మకాయలు మిరపకాయలు కట్టేదీ సరిగ్గా అక్కడే. పూజ మానమని ఎవరూ అనరు. ఇంటికి తిరిగి వచ్చాక దండ తీసి, అద్దం తుడిచి, అప్పుడు హైవే ఎక్కండి. బంపరుకు అదనంగా తగిలించే ఇనుప గార్డు మాత్రం వద్దే వద్దు. అది రాడార్‌కు అడ్డం, పైగా నిబంధనలకు విరుద్ధం.

ముందు అద్దం పగిలి కొత్తది వేయించుకున్నారా? కెమెరాకు మళ్లీ క్యాలిబ్రేషన్, అంటే గురి సరిచేయడం, చేయించాలి. గురి కొద్దిగా తప్పినా దూరాన ఉన్న బండి పక్క వరుసలో ఉన్నట్టు దానికి తోచవచ్చు. బిల్లులో ఆ పని రాసి ఉందో లేదో చూసుకునే డబ్బు కట్టండి.

ఊళ్లో పరీక్ష, తర్వాతే హైవే

అప్‌డేట్ పూర్తయ్యాక పాత ఫొటోలను సెట్టింగులతో పోల్చండి. కొన్నిసార్లు మీరు ఎంచుకున్నవి చెరిగిపోయి కంపెనీ పెట్టినవి వచ్చేస్తాయి. ముఖ్యంగా రీజెన్ స్థాయి చూడండి. యాక్సిలరేటర్ వదలగానే కారు నెమ్మదించి, ఆ శక్తిని బ్యాటరీకి తిరిగి పంపే ఏర్పాటు అది. దాని బలం మారితే, మీ కాలు అనుకున్న చోట కారు ఆగదు. ట్రంకు రోడ్డు రద్దీలో ఈ సంగతి తెలుసుకోవడం కంటే కాలనీ వీధిలో నాలుగుసార్లు వేసి చూడటం మేలు.

అడాస్‌ను ఆదివారం పొద్దున, వెలుతురు బాగా వచ్చాక, గీతలు స్పష్టంగా ఉన్న 16వ నంబరు జాతీయ రహదారి మీద పరీక్షించండి. ఒక్కో సదుపాయాన్ని విడివిడిగా చూడాలి. మొదట క్రూయిజ్ (వేగాన్నీ ముందు బండికి దూరాన్నీ కారే చూసుకునే సదుపాయం) పెట్టి, ముందు బండికి దూరం అన్నిటికంటే ఎక్కువగా ఎంచుకోండి. అది కుదురుగా ఉందనిపించాకే లేన్ అసిస్ట్, అంటే కారును గీతల మధ్య ఉంచే సదుపాయం. చేతులు స్టీరింగ్ మీద, కాలు బ్రేకు దగ్గర. ఢీకొనబోతే కారే వేసే అత్యవసర బ్రేకును మాత్రం అట్టపెట్టెలు అడ్డం పెట్టో, తమ్ముణ్ణి నిలబెట్టో పరీక్షించకండి. అది ప్రయోగశాలల పని.

ఇక అసలు ప్రమాదం ఆగి ఉన్న లారీ. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా సుమారు 120 కిలోమీటర్లలో, ధాబాల దగ్గరా టోల్‌గేట్ల ముందూ వెనక లైట్లు లేకుండా నిలిపిన లారీలు రాత్రిపూట ఎన్ని కనబడతాయో మీకు తెలియనిది కాదు. బోర్డులు, కమ్మీలు, వంతెన కడ్డీలు అన్నీ రాడార్‌కు కదలని లోహమే. కనబడిన ప్రతిదానికీ బ్రేకు వేస్తే ప్రయాణం సాగదు కనుక, వేగంగా వెళ్లేటప్పుడు కదలని వాటిని పట్టించుకోకుండా చాలా వ్యవస్థలను తయారుచేశారు. కెమెరా గుర్తుపట్టాలంటే దానికి బండి వెనక భాగం ఆకారం కనబడాలి. చీమకుర్తి గ్రానైట్ దిమ్మెతో, దుమ్ము కొట్టుకుపోయి, చీకట్లో నిలబడిన లారీ ఆ ఆకారంలో ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీ ముందున్న కారు ఆ లారీని చూసి చటుక్కున పక్కకు తప్పుకుంటుంది. ముందు దారి ఖాళీ అయిందనుకుని మీ క్రూయిజ్ వేగం పెంచబోతుంది. అందుకే ముందు బండి వరుస మారిన ప్రతిసారీ కాలు బ్రేకు మీదికి పోవాలి. ఎన్ని అప్‌డేట్లు వచ్చినా ఈ అలవాటు మానవద్దు. మన దగ్గర అమ్ముతున్న అడాస్ కార్లు మహా అయితే రెండో స్థాయివి. ఆ స్థాయిలో వేగాన్నీ స్టీరింగ్‌నూ కారు చూసినా, డ్రైవరు మీరే. షోరూములో ‘కారే నడుపుతుందండీ’ అంటే నవ్వి ఊరుకోండి.

ఎదురు దిశలో వచ్చే మోటారు సైకిలు, గట్టు దిగి వచ్చే గేదె, ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్లు కూడా ఆ కెమెరాకు పెద్దగా పరిచయం లేనివే. ఊరి రోడ్లెక్కగానే క్రూయిజ్, లేన్ అసిస్ట్ ఆపేయడం మేలు.

ఎండనూ లెక్కలో వేసుకోండి. పొద్దున మైపాడు వైపు, సాయంత్రం ఆత్మకూరు వైపు వెళ్తే సూర్యుడు నేరుగా కెమెరా కంట్లో పడతాడు. రోహిణి కార్తెలో ఎండలో నిలిపిన కారు తీయగానే ‘కెమెరా తాత్కాలికంగా పనిచేయడం లేదు’ అని వస్తే కంగారు వద్దు, అద్దం చల్లబడితే అదే మొదలవుతుంది. తుపాను వానల్లో అడాస్ తనంతట తానే తప్పుకోవడమూ మామూలే.

చల్లటి, పొడి వాతావరణంలో కూడా అదే హెచ్చరిక మళ్లీ మళ్లీ వస్తుంటే, లేదా కారణం లేకుండా కారు బ్రేకు వేస్తుంటే, ఆ సదుపాయాన్ని ఆపేసి సర్వీసు సెంటరుకు వెళ్లండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు, జరిగిన తేదీ, సమయం, చోటు, అప్పటి వేగం ఒక కాగితం మీద రాసి ఇచ్చి, జాబ్ కార్డులో ఎక్కించమనండి. దారిలోనే ఇబ్బంది వస్తే బండిని పూర్తిగా పక్కకు తీసి, హజార్డ్ లైట్లు వేసి, జాతీయ రహదారి సహాయానికి 1033కు ఫోన్ చేయండి.