కావలి సెంటర్లో నిలబడి సదిశ రాయడం

మా కావలి ట్రంకు రోడ్డు మీద నిలబడితే గ్రాఫు కాగితం అక్కర్లేదు. ఉత్తరాన ఒంగోలు, దక్షిణాన నెల్లూరు, తూర్పున సముద్రం, పడమట ఉదయగిరి. తూర్పు వైపు పోతే ఎక్స్ ప్లస్, ఉత్తరం వైపు పోతే వై ప్లస్. మా మిద్దె మీద ట్యూషన్‌లో సదిశల (వెక్టర్ల) పాఠం ఇట్లాగే మొదలుపెడతాను. సదిశ అంటే ఎంత దూరం, ఏ దిశలో అన్న రెండూ కలిపి చెప్పేది.

కందుకూరు ఎక్కడుంది అబ్బయా అని అడుగుతాను. "ఒంగోలు వైపు పోయి, కాస్త లోపలికి సార్" అంటారు. సదిశకు ఉండే రెండు అంశాలూ, అంటే ఎక్స్ వైపు ఎంత, వై వైపు ఎంత అన్నవి, ఆ జవాబులోనే ఉన్నాయి. రోడ్డు వంపులు వదిలేసి తిన్నగా లెక్కేస్తే, కావలి నుంచి కందుకూరు సుమారు 10 కిలోమీటర్లు పడమరకి, 34 కిలోమీటర్లు ఉత్తరానికి. ఎక్స్ అంశం ముందు రాయాలి కాబట్టి సదిశ (−10, 34). యూనిట్ సదిశలతో (తూర్పుకి ఒక యూనిట్ ఐ, ఉత్తరానికి ఒక యూనిట్ జె) రాస్తే −10ఐ + 34జె. అంతే.

ఇదే సదిశని నెల్లూరు నుంచి మొదలుపెడితే కందుకూరు రాదు, కానీ సదిశ మారదు. ఎంత జరిగామన్నదే దానికి లెక్క, ఎక్కడ నిలబడ్డామన్నది కాదు.

మూలబిందువు (0, 0) నుంచి కాకుండా ఏవో రెండు బిందువులిస్తే, తుది బిందువులోంచి తొలి బిందువును తీసేయాలి. ఎ(2, 5) నుంచి బి(−1, 1)కి పోవాలంటే:

ఎక్స్: −1 − 2 = −3
వై: 1 − 5 = −4

ఎబి సదిశ (−3, −4). ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఇంటర్‌లో నేనూ పడ్డాను. తిరగేసి తీసి (3, 4) రాశాను. పరిమాణం, అంటే సదిశ పొడవు, వేసి చూస్తే √(9 + 16) = 5 వచ్చింది. పుస్తకం వెనక జవాబూ 5 అనే ఉంది, ఇంకేముంది, కరెక్టే అనుకున్నాను. నెల్లూరు పోవాల్సినవాడు ఒంగోలు బస్సెక్కి, కిలోమీటర్లు సరిపోయాయని సంబరపడ్డట్టు! పరిమాణం మైనస్‌ని వర్గం చేసి మింగేస్తుంది, దాంతో దిశని సరిచూడలేం. తొలి బిందువుకి సదిశను కలిపి చూడండి: 2 + (−3) = −1, 5 + (−4) = 1. బి దగ్గరికే చేరాం.

పరిమాణం, కోణం ఇచ్చి అంశాలు అడిగితే ఇంకా తేలిక. కోణాన్ని తూర్పు నుంచి గడియారం ముల్లుకి ఎదురుగా కొలుస్తాం. పరిమాణం 10, కోణం 120 డిగ్రీలైతే, ఎక్స్ అంశం 10 కాస్ 120 = −5, వై అంశం 10 సైన్ 120 = 5√3, అంటే దాదాపు 8.66. సైన్, కాస్ తారుమారు చేయకండి.

వెనక్కి, అంటే అంశాల నుంచి కోణానికి వచ్చేటప్పుడు మాత్రం క్యాలిక్యులేటర్‌ని గుడ్డిగా నమ్మొద్దు. (−3, −4)కి వైని ఎక్స్‌తో భాగిస్తే 4/3. దానికి టాన్ విలోమం నొక్కితే 53.13 డిగ్రీలు చూపిస్తుంది. అది సముద్రం మీదుగా ఈశాన్యానికి పోయే దారి. మన సదిశేమో పడమరకి, దక్షిణానికి పోతోంది, మూడో పాదంలో ఉంది. 180 కలపాలి: 233.13 డిగ్రీలు. అందుకే కోణం వేసే ముందు చిన్న బొమ్మ గీయమంటాను. రఫ్ పేజీలో రెండు అడ్డదిడ్డం గీతలైనా చాలు.