విక్కా దీపం వెలిగించే ముందు

ఇంగ్లండ్‌లో 1950లలో జెరాల్డ్ గార్డ్‌నర్ ప్రచారంలోకి తెచ్చిన విక్కా అనే ప్రకృతి ఆరాధన, మంత్రవిద్య కలిసిన కొత్త మతానికీ, మన చిల్లంగికీ (చేతబడికీ) సంబంధం లేదు. ఒడిశాలోని మా పర్లాకిమిడి వీధిలో ఆ తేడా ఎవరు వింటారు?

- విక్కా పూజ ఇంట్లోనే చేసుకోండి. నిమ్మకాయ, కుంకుమ కూడలిలో వదిలేస్తే, మర్నాడు ఎవరికైనా జ్వరమొస్తే వేలు మీవైపు తిరగదు. పక్కింట్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మవైపు తిరుగుతుంది.
- సరదాకైనా ఎవరినీ మంత్రగత్తె అనొద్దు. ఒడిశాలో దీనిపై 2013 నాటి ప్రత్యేక చట్టం ఉంది.
- కొవ్వొత్తిని నీళ్లు పోసిన ఇత్తడి పళ్లెంలో నిలబెట్టండి. మా కర్టెన్ అంచు కాలాకే నాకు బుద్ధొచ్చింది. ఫ్యాన్ ఆపండి.
- ఉమ్మెత్త, గన్నేరు ముట్టొద్దు. విషం.
- విక్కా దీక్షకి డబ్బులు గానీ, ఫొటోలు గానీ అడిగే గ్రూపులోంచి వెంటనే బయటికొచ్చేయండి.
- జ్వరానికి డాక్టరే.