240జెడ్ కార్బురేటర్లు బాగుచేసుకున్నాను

కాలిఫోర్నియాలో నా దగ్గరున్న 1971 డాట్సన్ 240జెడ్ కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పైకీ కిందికీ ఊగేది. ఎక్కడ ఆగిపోతుందోనని టెన్షన్. కార్బురేటర్ అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిలో పెట్రోలు కలిపే భాగం. దాని థ్రాటిల్ షాఫ్ట్ (గాలిదారిని తెరిచి మూసే రేకును తిప్పే కడ్డీ) చివర్లలో కార్బ్ క్లీనర్ స్ప్రే కాస్త కొట్టగానే ఇంజిన్ చప్పుడు మారింది. (ఇంజిన్ బాగా వేడిగా ఉన్నప్పుడు ఇలా చెయ్యకండి, అంటుకుంటుంది.) అంటే, ఇన్నేళ్ల వాడకానికి షాఫ్ట్ తిరిగే రంధ్రాలు అరిగి, అక్కడినుంచి గాలి లోపలికి వెళ్తోంది.

జంక్‌యార్డులో ఇంకో 240జెడ్ నుంచి హిటాచీ రౌండ్‌టాప్ (పైన గుండ్రటి మూత ఉండే) కార్బురేటర్ల జత దొరికింది. పైన తుప్పూ మురికీ ఉన్నా షాఫ్టులు బాగున్నాయి. విప్పేటప్పుడు ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు: కార్బురేటర్ లోపల పైకీ కిందికీ కదిలే పిస్టనూ (ఇంజిన్ పిస్టన్ కాదు) దాని పైన ఉండే గుండ్రటి మూతా ఒకదానికొకటి సరిపోయేలా చేసినవి. రెండు కార్బురేటర్లవీ కలిసిపోతే పిస్టన్ పట్టేస్తుంది. నేను వేరువేరు డబ్బాల్లో పెట్టి, 'ముందు', 'వెనుక' అని రాసుకున్నాను. పిస్టన్‌కు ఎమరీ పేపర్ అస్సలు తగలనివ్వలేదు.

మెషిన్ షాపులో ఈ జతకు షాఫ్ట్ రంధ్రాలు రీమ్ చేసి (కాస్త పెద్దవి చేసి) కంచు బుష్‌లు (షాఫ్ట్ తిరిగే చిన్న గొట్టాలు) వేశారు. కొత్త గాస్కెట్లు వేసి, మిక్స్చర్ నట్లు (గాలిలో ఎంత పెట్రోలు కలవాలో సరిచేసేవి) పూర్తిగా పైకి బిగించి రెండున్నర చుట్లు కిందికి తిప్పాను. రెండిటి గాలీ సమం చేశాక ఐడిల్ నిమిషానికి 750 చుట్ల దగ్గర కదలకుండా నిలబడింది.